రెండు పొంగులు

నందీ కొండల మీద తెల్లారకముందే
క్యాన్లు మాట్లాడుకుంటాయి.
సైకిళ్ళకు తాళ్ళతో కట్టినవి,
గాడిద వీపున ఊగుతూ వచ్చేవి,
మూత లేక అరిటాకు బిగించింది ఒకటి.

నేను మూతలు తీస్తాను.
ముందు ముక్కు,
తర్వాత లాక్టోమీటరు,
ఆ తర్వాత స్పిరిట్ చుక్క.
పాలు విరిగితే
ఆ పూటకి ఒక ఇల్లు విరిగినట్టే.

నీళ్ళు కలిపినవాళ్ళు ముందే చూపు తిప్పుకుంటారు.
గాజుపుల్ల మునిగిన లోతుని బట్టి
ఏ వాగు నీళ్ళో కూడా చెప్పగలను.

పదకొండేళ్ళుగా ఇదే పని.
నవ్వకండి, నాకు పాలు పడవు.
గ్లాసుడు తాగితే కడుపులో ఉరుములు,
అరగంటకి పెరట్లోకి పరుగు.
అమ్మ సరస్సు ఒడ్డు మనిషి, చేపలతో పెరిగింది.
నాన్నది ఆవుల ఇల్లు.
నాన్న ముక్కు వచ్చింది నాకు,
నాన్న పేగులు రాలేదు.

బొగ్గు పూసిన సొరబుర్రలో
వారం పులిసిన ముర్సిక్ మాత్రం ఒంటికి పడుతుంది.
నా పేగులు చేతకాదన్న పని
బుర్రలోనే ఎవరో ముందే చేసి పెడతారు.
అది గొంతుకి మంచిది కాదేమోనని
పట్నంలో చదువుకున్నవాళ్ళు అంటున్నారట.
నాన్నమ్మ కొబిలో ఆ మాట విని
బుర్ర ఇంకోసారి నింపింది.

ఎనభై ఎనిమిదేళ్ళావిడ.
మొన్న వానలో గట్టు మీంచి జారి పడి
దులుపుకుని లేచింది.
"పాల ఎముకలే ఇవి" అంటుంది.
రోజూ ఎక్కే కొండని లెక్కలో వేయదు.

అవే పాలు తాగింది అత్త తప్రాందిచ్ కూడా,
పొదుగు వెచ్చదనం పోకముందే, నురగతో.
ఏడాదిన్నర
పొద్దు వాలితే జ్వరం, తెల్లారితే చెమట,
నడుం పట్టేసి మంచానికి అతుక్కుపోయింది.
మలేరియా అన్నారు, టైఫాయిడ్ అన్నారు,
గిట్టనివాళ్ళ పనన్నారు.
చివరికి ఎల్డోరెట్‌లో రక్తం తీసిన కుర్రాడు
ఒకే ముక్క అడిగాడు:
"మీ ఆవు ఈసుకుపోయిందా ఈ మధ్య?"

ఒక్క పొంగు.
ఒక్క పొంగు రానిచ్చి ఉంటే చాలు.

అప్పట్నుంచి ఊరూరా చెప్తున్నాను,
కాచి తాగండి, కాచి తాగండి.
పిల్లలు నన్ను చూస్తే
ఆ మాటే అంటూ పారిపోతారు.

నిన్న తప్కిగెన్ క్యాను తెచ్చింది.
ఉన్నదొక్క ఆవు, దానికి పొదుగువాపు,
రెండు రోజుల కింద పెన్సిలిన్ సూది.
కాగితప్పట్టీ రంగు చెప్పేసింది.
"నాలుగు రోజులాగమన్నాడు పశువుల డాక్టరు,
స్కూలు ఫీజుని ఎవరు ఆగమంటారు?"
నేను క్యాను మీద సుద్దతో ఇంటూ గీశాను.
ఏడు లీటర్లు.
ఎత్తుకుని వెళ్ళిపోయింది,
కొంచెం వంగి.

నిద్ర పట్టక, రాత్రి ఆ ఇంటికి పోయాను.
పొయ్యి మీద పాలు.
ముగ్గురు పిల్లలు, మూడు రేకు కప్పులు.
"నువ్వు చెప్పినట్టే కాచాను,
ఒకటి కాదు, రెండు పొంగులు"
గర్వంగా అంది.

కాస్తే పురుగు చస్తుంది,
మందు చావదు.
పదకొండేళ్ళలో ఈ రెండో ముక్క
ఒక్కసారీ నా నోట రాలేదు.

చిన్నవాడి మోచేతులు పుల్లల్లా ఉన్నాయి.
ఒక కప్పు మందుపాలు వాడినేం చేస్తాయో
నిజంగా నాకు తెలీదు,
ఏమీ చేయకపోవచ్చు, దద్దుర్లు లేవొచ్చు,
పదేళ్ళకు ఏ పుండు మీదో
మందు పనిచేయకపోవచ్చు.
పాలు లేని రాత్రి ఏం చేస్తుందో తెలుసు.

ఇంటికి పరిగెత్తి నా ముర్సిక్ బుర్ర తెచ్చాను.
అడుగంటా వంపి, బొగ్గు నలుసులతో సహా, తాగారు.
పెద్దది పై పెదవి తుడుచుకుని
"పుల్లగా ఉంది" అంది, మళ్ళీ కప్పు చాపింది.

కాచిన పాలు?
పారబోస్తానంది తప్కిగెన్.
పారబోసిందో లేదో
చూడ్డానికి నేను నిలబడలేదు.

ఈ ఉదయం వరుసలో తన క్యాను కూడా ఉంది.
మూత తీశాను.
ఖాళీ. బూడిదతో తోమి, తళతళా.
ఏం అడగలేదు,
నా చేతి వంక చూసింది.

రెండు వేళ్ళు చూపించాను.